యోసేపును ఎరుగని రాజు వస్తే? అమెరికా అధ్యక్షుడి ఎమర్జెన్సీ అధికారాల గురించి



ఈ మధ్య మన సంఘాల ప్రార్థన విన్నపాల్లో అమెరికా మాట తరచుగా వినిపిస్తోంది. పిల్లల వీసా కోసం ప్రార్థించమని ఒకరు అడుగుతారు. రొయ్యల రేటు పడిపోయింది, అప్పు తీరే దారి చూపించమని ప్రార్థించండని గోదావరి జిల్లాల నుంచి మరొకరు అడుగుతారు. ఆ వార్తల వెనక ఒక మాట మళ్ళీ మళ్ళీ కనబడుతోంది: "అధ్యక్షుడు జాతీయ ఎమర్జెన్సీ ప్రకటించారు."

ఎమర్జెన్సీ అనగానే మన పెద్దలకు 1975 గుర్తొస్తుంది. అమెరికాలో చూస్తే పత్రికలు నడుస్తున్నాయి, ఎన్నికలు జరుగుతున్నాయి. మరి అదేం ఎమర్జెన్సీ? ఒక్క మనిషి సంతకం భీమవరం చెరువు గట్టు దాకా ఎలా వచ్చింది? ఈ వారం ముందు చట్టం సంగతి, తర్వాత వాక్యం సంగతి చూద్దాం. ఇది ఒక పార్టీని మెచ్చుకోవడానికో ఒక అధ్యక్షుణ్ణి తిట్టడానికో రాస్తున్నది కాదు. ఈ అధికారాలను రెండు పార్టీల అధ్యక్షులూ వాడుకున్నారు.

రాజ్యాంగంలో ఏముంది?

మన రాజ్యాంగంలో ఎమర్జెన్సీకి 352వ అధికరణం ఉంది. అమెరికా రాజ్యాంగంలో అలాంటి అధికరణం లేదు. తిరుగుబాటు గానీ, బయటి దాడి గానీ జరిగినప్పుడు హెబియస్ కార్పస్ హక్కును, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే హక్కును, నిలిపివేయవచ్చన్న ఒక వాక్యం మాత్రం ఉంది. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు అబ్రహాం లింకన్ ఆ హక్కును తానే నిలిపివేశారు. కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, అందుకు చట్టం చేసింది 1863లో. యుద్ధం ముగిశాక 1866లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. మామూలు కోర్టులు నడుస్తున్న చోట పౌరులను సైనిక కోర్టులో విచారించడం చెల్లదని చెప్పింది.

కాబట్టి అధ్యక్షుడికి ఉన్న ఎమర్జెన్సీ అధికారాల్లో ఎక్కువ భాగం రాజ్యాంగం ఇచ్చినవి కావు. కాంగ్రెస్ చేసిన వేర్వేరు చట్టాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. అవి వందకు పైగా ఉంటాయి. కొన్ని సైన్యానికి, కొన్ని బ్యాంకు ఖాతాలకు, కొన్ని విదేశీ వ్యాపారానికి సంబంధించినవి. యుద్ధ భయం ఉన్నప్పుడు తంతి, టెలిఫోన్ సౌకర్యాలను అధ్యక్షుడు తన చేతిలోకి తీసుకోవచ్చన్న 1934 నాటి చట్టం కూడా వాటిలో ఒకటి. మామూలు రోజుల్లో ఇవన్నీ తాళం వేసిన గదులు. "జాతీయ ఎమర్జెన్సీ" అన్న ప్రకటనే తాళంచెవి.

1976 చట్టం ఎందుకు వచ్చింది?

1970ల మొదట్లో అమెరికా సెనేట్ ఒక ప్రత్యేక సంఘాన్ని వేసి ఈ అధికారాలను లెక్క తీయించింది. ఫ్రాంక్ చర్చ్, చార్లెస్ మథయాస్ అనే ఇద్దరు సెనేటర్లు, చెరొక పార్టీ వారు, దానికి అధ్యక్షత వహించారు. తేలిన సంగతి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. 1933లో బ్యాంకులు కూలిపోతున్నప్పుడు ప్రకటించిన ఎమర్జెన్సీని ఎవరూ రద్దు చేయలేదు. 1950లో కొరియా యుద్ధానికి ప్రకటించినదీ అలాగే ఉంది. 1970లో పోస్టల్ సమ్మెకు ఒకటి, 1971లో విదేశీ చెల్లింపుల ఇబ్బందికి ఒకటి. నలభై ఏళ్ళుగా దేశం ఎమర్జెన్సీలోనే ఉంది, ఆ సంగతి ప్రజలకు తెలియదు. దాదాపు 470 చట్ట నిబంధనలు అధ్యక్షుడి చేతిలో సిద్ధంగా ఉన్నాయి.

దీన్ని అదుపు చేయడానికి 1976 సెప్టెంబరులో జాతీయ ఎమర్జెన్సీల చట్టం వచ్చింది. ఎమర్జెన్సీ ప్రకటిస్తే ఏ చట్టం కింద ఏ అధికారం వాడుతున్నారో అధ్యక్షుడు చెప్పాలి. ప్రకటనను అందరికీ తెలిసేలా ప్రచురించాలి, కాంగ్రెస్‌కు పంపాలి. ఏడాది తిరిగేసరికి పొడిగించకపోతే అది దానంతటదే ముగిసిపోతుంది. ఆరు నెలలకు ఒకసారి ఉభయ సభలూ దాన్ని కొనసాగించాలా వద్దా అని ఆలోచించాలి. సభలు రెండూ తీర్మానం చేస్తే అధ్యక్షుడి సంతకంతో పని లేకుండా ఎమర్జెన్సీ ఆగిపోతుంది. మరుసటి ఏడాది, 1977లో, విదేశాల నుంచి వచ్చే అసాధారణమైన ముప్పును ఎదుర్కోవడానికి ఆస్తులు స్తంభింపజేసే, లావాదేవీలు ఆపే అధికారం ఇస్తూ మరో చట్టం చేశారు. అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం అంటే అదే.

కంచె బాగానే కట్టారు. కానీ 1983లో వేరే కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అధ్యక్షుడి ముందుకు పంపకుండా కాంగ్రెస్ చేసే ఇలాంటి తీర్మానాలు రాజ్యాంగ రీత్యా చెల్లవని చెప్పింది. దాంతో 1985లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు ఎమర్జెన్సీని ఆపే తీర్మానానికి కూడా అధ్యక్షుడి సంతకం కావాలి. ఆయన వీటో చేస్తే, దాన్ని తోసిపుచ్చడానికి ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది కావాలి.

2019లో ఇది పరీక్షకు వచ్చింది. సరిహద్దు గోడకు కాంగ్రెస్ అడిగినంత డబ్బు ఇవ్వకపోవడంతో అధ్యక్షుడు ట్రంప్ ఎమర్జెన్సీ ప్రకటించారు. ఉభయ సభలూ వద్దని తీర్మానించాయి. ఆయన పార్టీ సెనేటర్లు కొందరు కూడా వద్దన్నారు. ఆయన వీటో చేశారు, దాన్ని తోసిపుచ్చడానికి సంఖ్య చాలలేదు. కోవిడ్ ఎమర్జెన్సీని 2023 ఏప్రిల్‌లో కాంగ్రెస్ తీర్మానం ముగించింది, ఎందుకంటే దాని మీద అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు.

ఆరు నెలలకొకసారి ఆలోచించాలన్న మాట దశాబ్దాల పాటు కాగితం మీదే ఉండిపోయింది. 1979 నవంబరులో ఇరాన్ విషయంలో కార్టర్ ప్రకటించిన ఎమర్జెన్సీని ఆయన తర్వాత వచ్చిన ప్రతి అధ్యక్షుడూ ఏటేటా పొడిగిస్తూ వచ్చారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ప్రకటించినదీ అంతే. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

మన దగ్గర తేడా ఏమిటి?

మనం మంచివాళ్ళం కాబట్టి మన చట్టం మంచిదైందని అనుకోకూడదు. దెబ్బ తిని నేర్చుకున్నాం. 1975 జూన్ 25 రాత్రి ప్రధాని ఇందిరా గాంధీ సలహాపై రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేశారు. మంత్రివర్గానికి తెల్లవారాక తెలిసింది. అంతర్గత భద్రత చట్టం, అంటే మీసా కింద, వేలమందిని విచారణ లేకుండా జైళ్ళలో ఉంచారు. 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపు నిలిచారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు.

ఆ అనుభవంతో 1978లో 44వ సవరణ తెచ్చాం. మంత్రివర్గం రాతపూర్వకంగా చెబితేనే రాష్ట్రపతి ప్రకటించాలి. నెలలోగా ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. ఆరు నెలలకోసారి మళ్ళీ అదే మెజారిటీతో ఆమోదం కావాలి. వద్దనుకుంటే లోక్‌సభలో మామూలు మెజారిటీ చాలు. ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలో కూడా నిలిపివేయకూడదు.

తేడా ఇక్కడ తెలుస్తుంది. మన దగ్గర కొనసాగించడానికి ప్రత్యేక మెజారిటీ కావాలి. అమెరికాలో అధ్యక్షుడు ఒప్పుకోనప్పుడు ఆపడానికి మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. ఎమర్జెన్సీ చట్టం ఎక్కడిదైనా మనం మొదట చూడవలసింది ఇదే: మొదలుపెట్టడం తేలికా, ఆపడం తేలికా?

9066 నంబరు ఉత్తర్వు

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశారు. కొన్ని ప్రాంతాలను సైనిక ప్రాంతాలుగా ప్రకటించి అక్కడి నుంచి ఎవరినైనా పంపించివేసే అధికారం అది సైన్యానికి ఇచ్చింది. ఆ కాగితంలో జపాన్ మాటే లేదు. అమలులో మాత్రం పసిఫిక్ తీరంలోని జపాన్ సంతతి వారు దాదాపు లక్షా 20 వేల మందిని ఇళ్ళు, పొలాలు, దుకాణాలు వదిలించి ఎడారుల్లోని శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే.

సియాటిల్‌లో గోర్డన్ హిరబయాషి అనే విశ్వవిద్యాలయ విద్యార్థి ఉండేవాడు. క్వేకర్ విశ్వాసి. జపాన్ సంతతి వారికి మాత్రమే పెట్టిన కర్ఫ్యూను మనస్సాక్షి ఒప్పుకోక ధిక్కరించి, తానే వెళ్ళి అధికారులకు లొంగిపోయాడు. 1943లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతనికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 1944లో ఫ్రెడ్ కోరెమట్సు కేసులో 6-3తో మళ్ళీ ప్రభుత్వమే గెలిచింది. ఆనాడు కాదన్న ముగ్గురిలో జస్టిస్ రాబర్ట్ జాక్సన్ ఒకరు. సైనిక ఉత్తర్వు కొన్నాళ్ళకు పోతుంది గాని, కోర్టు దాన్ని ఒప్పుకుంటే ఆ సూత్రం గుండ్లు నింపిన తుపాకీలా అక్కడే పడి ఉంటుందని, రేపు అవసరమని చెప్పే ఏ అధికారి చేతికైనా అందుతుందని ఆయన హెచ్చరించారు.

నలభై ఏళ్ళు గడిచాయి. ప్రభుత్వం తనకు అనుకూలం కాని సాక్ష్యాన్ని ఆనాడు కోర్టుకు తెలియనివ్వలేదని బయటపడి, 1987లో హిరబయాషి శిక్షను కొట్టివేశారు. 1988లో అమెరికా చట్టం ద్వారా క్షమాపణ చెప్పింది, బతికి ఉన్న ప్రతి బాధితుడికీ 20 వేల డాలర్లు ఇచ్చింది. న్యాయం జరిగింది. కానీ శిబిరంలో చనిపోయిన ముసలివారికి అది అందలేదు.

సంఘం ఆ రోజుల్లో ఏం చేసింది? చాలామంది మౌనంగా ఉన్నారు. అందరూ కాదు. సియాటిల్ జపనీస్ బాప్టిస్టు చర్చి పాస్టరు ఎమరీ ఆండ్రూస్ తెల్లజాతీయుడు. తన సంఘస్థులను ఐడహోలోని మినిడోకా శిబిరానికి తీసుకుపోతే, ఆయన కుటుంబంతో సహా దాని దగ్గరి ఊరికి మకాం మార్చారు. సంఘస్థులు వదిలి వచ్చిన సామాన్లు తెచ్చిపెట్టడానికి సియాటిల్‌కు ఎన్నోసార్లు బండి నడుపుకుంటూ వెళ్ళి వచ్చారు. క్వేకర్లు, మరికొన్ని సంఘాల వారు కలిసి శిబిరాల్లోని వేలమంది విద్యార్థులకు కాలేజీల్లో సీట్లు వెతికిపెట్టారు. చట్టాన్ని మార్చే బలం వారికి లేదు. మనుషులను వదిలిపెట్టకుండా ఉండే బలం ఉంది.

అధ్యక్షుడు ఆగిన రోజు

1952లో కొరియా యుద్ధం సాగుతుండగా స్టీలు కార్మికులు సమ్మెకు సిద్ధమయ్యారు. ఉక్కు ఆగితే సైన్యానికి ఆయుధాలు ఆగుతాయని ఏప్రిల్ 8న అధ్యక్షుడు ట్రూమన్ మిల్లులను ప్రభుత్వ స్వాధీనంలోకి తీసుకున్నారు. జూన్ 2న సుప్రీంకోర్టు 6-3తో అది చెల్లదంది. అప్పుడు కూడా జస్టిస్ జాక్సన్ రాసినదే ఎక్కువగా నిలిచింది. కాంగ్రెస్ అధికారం ఇచ్చినప్పుడు అధ్యక్షుడు బలవంతుడు. కాంగ్రెస్ ఏమీ చెప్పనప్పుడు సంగతి అస్పష్టం. కాంగ్రెస్ వద్దన్నదాన్ని చేసినప్పుడు ఆయన అత్యంత బలహీనుడు. నురెంబర్గ్‌లో నాజీ నాయకుల మీద అభియోగాలు నడిపి వచ్చిన జాక్సన్ జర్మనీని కూడా గుర్తు చేశారు. అక్కడ పదమూడేళ్ళలో 250 సార్లకు పైగా ఎమర్జెన్సీ పేరుతో హక్కులు నిలిపివేశారనీ, చివరిసారి హిట్లర్ నిలిపివేయించాక అవి తిరిగి రాలేదనీ రాశారు.

ట్రూమన్ తీర్పుకు లోబడి మిల్లులు తిరిగి ఇచ్చేశారు. సమ్మె జరిగింది. దేశం కూలిపోలేదు.

సంతకం చెరువు గట్టు దాకా

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. 1977 చట్టం కింద ఎమర్జెన్సీ ప్రకటించి అధ్యక్షుడు ట్రంప్ 2025లో అనేక దేశాల సరుకుల మీద సుంకాలు వేశారు. ఆగస్టులో మన దేశం మీద మొదట 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని మరో 25 శాతం, మొత్తం 50 శాతం పడింది. మన రొయ్యలకు అమెరికాయే పెద్ద మార్కెట్టు, దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశే ముందుంది. కొనుగోళ్ళు తగ్గాయి, చెరువు దగ్గర రేటు పడింది. రైతుకు మేత అప్పు అలాగే ఉంది, ప్లాంటుల్లో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళకు పని రోజులు తగ్గాయి. వాషింగ్టన్‌లో వారికి ఓటు లేదు, వారి మాట వినే సభ్యుడూ లేడు.

ఆ చట్టంలో సుంకం అన్న మాట లేదు. కింది కోర్టులు ఆ సుంకాలు చెల్లవన్నాయి. 2026 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా 6-3తో అదే చెప్పింది. అంతకు ముందు 2023లో, ఎమర్జెన్సీని ఆధారం చేసుకుని బైడెన్ ప్రకటించిన విద్యార్థి రుణాల మాఫీని కూడా అదే కోర్టు 6-3తో కొట్టివేసింది. ఒకరిది సుంకం, మరొకరిది మాఫీ. రెండు కేసుల్లోనూ అడిగిన ప్రశ్న ఒకటే: కాంగ్రెస్ ఇవ్వని అధికారం ఎమర్జెన్సీ పేరుతో వస్తుందా?

కోర్టు పని చేసింది, సంతోషం. కానీ హిరబయాషికి 44 ఏళ్ళు పట్టింది. సుంకాల విషయంలో నెలల్లోనే తేలినా, ఈలోగా రొయ్యల రైతు ఒక పంట నష్టపోయాడు. కోర్టు ఎప్పుడూ నష్టం జరిగాకే వస్తుంది. అందుకే హద్దు ముందే ఉండాలి.

వాక్యం ఏమి చూపిస్తోంది?

అధికారం చెడ్డదని వాక్యం చెప్పదు. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలను బడిలోకి రానివ్వకపోతే, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తిరుగుబాట్లను అణచడానికి ఉన్న పాత చట్టాన్ని వాడి సైన్యాన్ని పంపి వారిని లోపలికి నడిపించారు. బలహీనుడి పక్షాన అధికారి త్వరగా కదలవలసిన రోజులు ఉంటాయి.

యోసేపు చేసినదీ అదే. కరవు నిజమైన ఎమర్జెన్సీ. ఆయన ముందుచూపు వల్ల లక్షల ప్రాణాలు నిలిచాయి. అయితే ఆదికాండము 47వ అధ్యాయాన్ని నిదానంగా చదవండి. మొదటి విడత ధాన్యానికి ప్రజలు డబ్బు ఇచ్చారు. డబ్బు అయిపోతే పశువులు ఇచ్చారు. పశువులూ అయిపోతే భూములను, తమనూ ఫరోకు అప్పగించారు. సమృద్ధి గల ఏడేళ్ళ కోసం మొదలైన అయిదో వంతు వసూలు కరవు పోయాక కూడా పోలేదు, శాశ్వతమైన కట్టడ అయిపోయింది. ఎప్పుడు ముగుస్తుందని ఎవరూ అడగలేదు. ఆకలితో ఉన్నవాడు గడువు గురించి అడగడు.

అదే అధ్యాయం 22వ వచనంలో పాస్టర్లమైన మేము ఆగి చదవవలసిన సంగతి ఉంది. యాజకుల భూములు మాత్రం తీసుకోలేదు. వారికి ఫరో దగ్గర నుంచి బత్తెం వస్తోంది. దేశమంతా భూమి పోగొట్టుకుంటున్నప్పుడు మాట్లాడగలిగిన వారికి మాట్లాడే అవసరం రాలేదు.

తరాలు గడిచాయి. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో యోసేపును ఎరుగని రాజు వచ్చాడు. దేశమంతటి భూమి, దేశమంతటి శ్రమ మీద పట్టు అతనికి సిద్ధంగా దొరికింది. యోసేపు జ్ఞానం గానీ, దేవుని భయం గానీ దానితో పాటు రాలేదు. అతడు చెప్పిన కారణం చూడండి: వీళ్ళు ఎక్కువైపోతున్నారు, యుద్ధం వస్తే శత్రువులతో కలిసిపోతారు. ఇశ్రాయేలీయులు ఏ తప్పూ చేయలేదు. 1942లో జపాన్ సంతతి పిల్లల మీద చెప్పిన కారణం కూడా ఇదే. దేశ భద్రత పేరు చెప్పి ఒక జనాన్నంతటినీ అనుమానించిన మొదటి మాట బైబిలులో ఫరో నోట వచ్చింది.

అందుకే మనం నమ్మే నాయకుడి చేతికి అధికారం ఇస్తున్నప్పుడు, అది అతని దగ్గర ఆగదని గుర్తుంచుకోవాలి. అతని తర్వాత వచ్చేవాడు ఎవరో మనకు తెలియదు. ద్వితీయోపదేశకాండము 17లో దేవుడు రాజును వద్దనలేదు. ధర్మశాస్త్రం ప్రతిని రాజు తన కోసం రాసుకుని, బతికినన్నాళ్ళు చదువుతూ, తన సహోదరుల కంటే తనను హెచ్చించుకోకుండా ఉండాలన్నాడు. రాజు కూడా చట్టం కిందివాడే.

రోమా 13ను అడ్డుపెట్టి ప్రశ్నించకూడదనేవారు ఉన్నారు. ఆ అధ్యాయం అధికారిని దేవుని పరిచారకుడు అంటుంది. పరిచారకుడు యజమానికి లెక్క చెప్పాలి. ఆ పత్రిక రాసిన పౌలే, విచారణ లేకుండా కొట్టినందుకు ఫిలిప్పీ న్యాయాధిపతులనే చెరసాలకు వచ్చి తమను విడిపించమన్నాడు. కొరడాలతో కొట్టబోతే చట్టం ఒప్పుకుంటుందా అని శతాధిపతిని అడిగాడు. కైసరుకు మొర పెట్టుకున్నాడు. చట్టాన్ని గుర్తు చేయడం తిరుగుబాటు కాదు.

సంఘం చేయవలసినది

1 తిమోతి 2 ప్రకారం అధికారుల కోసం ప్రార్థన చేయడం మన మొదటి పని. పార్టీ ఏదైనా సరే.

రెండవది, అడగడం. జర్మనీలో హిట్లర్ వచ్చిన తొలి నెలల్లోనే, 1933లో, డీట్రిక్ బోన్‌హోఫర్ రాసిన వ్యాసంలో సంఘం చేయవలసిన మొదటి పని ఇదేనన్నాడు: రాజ్యం తన పని ధర్మంగా చేస్తోందా అని దాన్నే అడగడం. దెబ్బ తిన్నవారు ఏ మతం వారైనా వారికి సాయపడటం దాని తర్వాతి మెట్టు. ఏ దేశంలోనైనా "అత్యవసరం" అన్న మాట వినబడితే ఈ మూడు ప్రశ్నలు అడుగుదాం: ఇది ఎప్పుడు ముగుస్తుంది? దీన్ని ఆపగలిగినవారు ఎవరు? దీని భారం ఎవరి మీద పడుతోంది? మన అభిమాన నాయకుడు ప్రకటించినప్పుడు కూడా అవే అడగాలి. సంఖ్యలో చిన్నవారమైన మనకు ఇది పుస్తకాల్లోని సంగతి కాదు.

మూడవది, మన ఇంటిని చూసుకోవడం. పరిస్థితులు బాగాలేవని ఆరు నెలలకు వేసిన తాత్కాలిక కమిటీ ఆరేళ్ళయినా దిగని సంఘాలు మన మధ్య లేవా? ఎన్నికలు ఎప్పుడని అడిగినవాడికి విశ్వాసం తక్కువని పేరు పెట్టడం లేదా? మన సంఘంలోనే గడువు అడగడం నేర్చుకోకపోతే ప్రభుత్వాన్ని అడిగే నోరు మనకు రాదు.

నాలుగవది, దెబ్బ తిన్నవారి పక్కన నిలబడటం. మినిడోకా దగ్గర ఎమరీ ఆండ్రూస్ చేసినది ఈ రోజు మన చేతుల్లో కూడా ఉంది. అమెరికాలో ఉద్యోగం, వీసా అయోమయంలో ఉన్న యువతీ యువకులకు అక్కడి తెలుగు సంఘాలు తలుపు తెరవాలి. ఇక్కడ అప్పుల్లో పడ్డ ఆక్వా కుటుంబాన్ని, పని పోయిన ప్లాంటు కూలీని సంఘం ప్రార్థనలో మాత్రమే తలచి వదిలేయకూడదు. వారి ఇంటికి వెళ్ళాలి, పిల్లల ఫీజు అడగాలి, చేయగలిగింది చేయాలి.

అంతము లేని రాజ్యం మన ప్రభువుది ఒక్కటే. మనుషులకు ఇచ్చే అధికారం ఏదైనా, ఎంత మంచివారికి ఇచ్చినా, దానికి ముగింపు తేదీ రాసి ఇవ్వాలి.